నల్లబడిన సీసా

ఈ సంగతి రాయాలా వద్దా అని ఆరు నెలలుగా నానుస్తూ వచ్చాను. మా వీధివాళ్లు చదువుతారేమోనని జంకు. చదివినా వాళ్లకు కొత్తగా తెలిసేదేముంది, అందరూ నిలబడి చూసిందే కదా అని ఇప్పుడు ధైర్యం చేస్తున్నాను.

నేను అనంతపురంలో ఒక డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ ల్యాబ్ అసిస్టెంటుని. ఇరవై రెండేళ్ల సర్వీసు. సొల్యూషన్లు కలపడం, బ్యూరెట్లు కడగడం, ప్రాక్టికల్స్ రోజున పిల్లలు పగలగొట్టిన పిపెట్ల లెక్క రాసుకోవడం, ఇదీ నా ఉద్యోగం. వీధిలో మాత్రం నాకు 'సైంటిస్టు మేడమ్' అని పేరు. ఎగతాళికే అంటారు. కానీ కొళాయిలో నీళ్ల రంగు మారితే ముందు మా గేటే తడతారు.

మా ఇంట్లో మూడు రకాల నీళ్లుంటాయి. ఈ ఊళ్లో చాలా ఇళ్లలో అంతే. పెరట్లో బోరు నీళ్లు బట్టలకు, బాత్రూముకు, మొక్కలకు. రోజు మార్చి రోజు వచ్చే కొళాయి నీళ్లు వంటకు, గిన్నెలకు. ఆటోలో వచ్చే ఇరవై లీటర్ల క్యాను తాగడానికి. ఈ పంపకం ఇంట్లో అందరికీ ఒప్పుదలే, మా అత్తకు తప్ప. ఆమె క్యాను నీళ్లు ముట్టదు. "సప్పగుంటాయి మ్మా, తాగినట్టే ఉండదు" అంటుంది. కొళాయి నీళ్లు కుండలో పోసుకుని, చుట్టూ తడిగుడ్డ చుట్టి, అవే తాగుతుంది. డెబ్బై ఎనిమిదేళ్లు ఆమెకు.

బోరు నీళ్ల జాతకం నాకు బాగా తెలుసు. కాఠిన్యం, అంటే నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎంతున్నాయో చూసే ప్రాక్టికల్ వచ్చినప్పుడల్లా మా ఇంటి బోరు నీళ్లే సీసాలో పట్టుకుపోతాను. ఫ్లాస్కులో ఇరవై మిల్లీలీటర్ల నీళ్లు, కొంచెం అమోనియా బఫరు, చిటికెడు ఎరియోక్రోమ్ బ్లాక్ టి అనే రంగు సూచిక. నీళ్లు ద్రాక్షరసం రంగుకు తిరుగుతాయి. పైనుంచి ఆ కాల్షియాన్ని పట్టుకునే ఇడిటిఎ ద్రావణం చుక్క చుక్కగా వదులుతూ ఫ్లాస్కు తిప్పుతుంటే, ఆ ఎరుపు కాసేపు ఊదాగా వెనకాడి, ఉన్నట్టుండి ఒక్క చుక్కకు నీలమైపోతుంది. ఆ ఒక్క చుక్క దగ్గర ఆగడం పిల్లలకు చచ్చినా రాదు. మా బోరు నీళ్లకు పదమూడు మిల్లీలీటర్ల దాకా పడుతుంది. లెక్క వేస్తే లీటరుకు 640 మిల్లీగ్రాముల కాఠిన్యం. మన దేశపు తాగునీటి ప్రమాణం ప్రకారం 200 ఉండాలి, వేరే దిక్కు లేకపోతే 600 దాకా సర్దుకోవచ్చు. కొళాయి నీళ్లకు మూడు మిల్లీలీటర్లకే రంగు మారుతుంది.

ఇంత చెప్పక్కర్లేదు, కందిపప్పే చెబుతుంది. బోరు నీళ్లలో పప్పు పెడితే ఎన్ని విజిల్స్ వచ్చినా పలుకు పలుకుగానే ఉంటుంది. నీళ్లలోని కాల్షియం పప్పులో ఉండే పెక్టిన్‌ను పట్టి బిగించేస్తుంది. మా అత్తకు పెక్టిన్ తెలియదు, "ఉప్పునీళ్లకు పప్పు మొండికేస్తాది" అని తెలుసు. రెండూ ఒకటే.

కొళాయి నీళ్లు తుంగభద్రవి. హోస్పేట దగ్గర డ్యాము నుంచి హెచ్చెల్సీ కాలువలో పడి, పెన్నహోబిలం రిజర్వాయరుకు చేరి, అక్కడినుంచి పైపుల్లో మా ఊరికి వస్తాయి. 2024 ఆగస్టులో ఆ డ్యాము 19వ గేటు కొట్టుకుపోయిందని టీవీలో చూసి, మా వీధిలో ఆడవాళ్లం బిందెలు లెక్కపెట్టుకున్నాం. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే ఊరు మరి. మా నీళ్లు ఎప్పుడూ పక్కరాష్ట్రంలోనే పుడతాయి.

అత్త కుండను నేను ఎందుకు ఆపలేదంటే, ఆమె నీళ్ల గురించి నాకు నేర్పిన మనిషి. ఆమెది కళ్యాణదుర్గం వైపు ఒక పల్లె. పళ్ల మీద అడ్డంగా గోధుమరంగు చారలు. గారపళ్లు అంటారు మావైపు. పెళ్లిచూపుల్లో నోరు మూసుకుని కూర్చోమన్నారంట. "మాట్లాడకపోతే మూగదనుకుంటారు, మాట్లాడితే గారపళ్లు కనబడతాయి. యాదో ఒకటి అనుకోనీలే అని నవ్వేస్తి" అని ఇప్పటికీ చెప్పి నవ్వుతుంది. ఆమె అన్నకు యాభై ఏళ్లకే నడుం వంగిపోయింది, మెడ తిప్పలేక మనిషంతా తిరిగి చూసేవాడు. ఊరంతా దాన్ని వాతం అనుకున్నారు. అది బావి నీళ్లలోని ఫ్లోరైడ్.

మా రాళ్లలోనే ఉంది అది. ఇక్కడి గ్రానైటు రాళ్ల ఖనిజాల్లోంచి ఏళ్ల తరబడి నీళ్లలోకి దిగుతుంది. బోర్లు లోతుకు పోయేకొద్దీ నీళ్లు రాతితో గడిపే కాలం పెరుగుతుంది, ఫ్లోరైడూ ఎక్కువ దిగుతుంది. మన దేశంలో ఈ జబ్బును మొదట గుర్తించి 1937లో రాసింది అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా గురించే. ప్రమాణం లీటరుకు 1 మిల్లీగ్రాము, తప్పనిసరైతే 1.5. పళ్లకు పట్టేది చిన్నప్పుడు, చిగుళ్లలో పళ్లు తయారయ్యే వయసులో. పెద్దయ్యాక తాగితే పళ్లను వదిలేసి ఎముకలను పట్టుకుంటుంది. ఇందులో చాలామంది పొరపడే సంగతొకటుంది. నీళ్లు కాచినంత మాత్రాన ఫ్లోరైడ్ పోదు. ఆవిరైపోయేది నీళ్లే కాబట్టి మిగిలినదాంట్లో అది ఇంకాస్త చిక్కబడుతుంది కూడా. పటిక, సున్నం కలిపి తేర్చే నల్లగొండ పద్ధతి అని ఒకటుంది, నాగపూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థవాళ్లు 1970లలో తయారుచేశారు. 1990ల నడిమిలో సత్యసాయి తాగునీటి పథకం పైపులు ఈ జిల్లాలో 700కు పైగా ఊళ్లకు వచ్చాయి. మా అత్త ఊరి చెల్లెళ్లు మనవరాళ్ల పళ్లు చూపించి మురిసిపోయేవాళ్లు. "తెల్లగ సున్నం కొట్టినట్టుండాయి సూడు."

కాబట్టి మా అత్తకు కొళాయి నీళ్లంటే మందు. నాకూ అంతే. 'కొళాయి నీళ్లలో ఫ్లోరైడ్ లేదు, కాఠిన్యం లేదు, ఇంకేం కావాలి' అన్న ధీమాలో ఉండిపోయాను.

జూలైలో ఫిల్టర్ల సేల్స్ కుర్రాడొకడు వీధిలోకి వచ్చాడు. టై కట్టుకుని, బ్యాగులో రెండు గ్లాసులు, నీళ్లలో కరిగిన లవణాల అంకె చూపే టీడీఎస్ మీటరు, రెండు కడ్డీలున్న ప్లగ్గు పరికరం. ఎనిమిదో ఇంటి అక్క వసారాలో ప్రదర్శన పెట్టాడు. ఒక గ్లాసులో కొళాయి నీళ్లు, రెండోదాంట్లో తన ఫిల్టరు నీళ్లు. రెండింట్లో కడ్డీలు ముంచి స్విచ్చేశాడు. అర నిమిషంలో కొళాయి నీళ్లు ఆకుపచ్చగా, తర్వాత తుప్పు రంగుగా, పైన నురగతో మురికి కాలువలా తయారైంది. ఫిల్టరు నీళ్లు ముత్యంలా అలాగే ఉన్నాయి. ఆడవాళ్లందరూ "అబ్బబ్బా" అని చెంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

నాకు నవ్వాగలేదు. అది బీఎస్సీ మొదటి సంవత్సరం విద్యుద్విశ్లేషణ. నీళ్లలో లవణాలుంటే కరెంటు పారుతుంది, ఇనుప కడ్డీ కరిగి ఆ రంగొస్తుంది. ఆ మురికి నీళ్లది కాదు, కడ్డీది. ఫిల్టరు నీళ్లలో లవణాలు తీసేస్తారు కాబట్టి కరెంటే పారదు. "బాబూ, ఒక్క నిమిషం" అని అక్క వంటింట్లోంచి చిటికెడు ఉప్పు తెచ్చి అతని ముత్యాల్లాంటి నీళ్లలో వేసి, "ఇప్పుడు పెట్టు" అన్నాను. పెట్టాడు పాపం. కాసేపటికి ఆ గ్లాసే రెండోదానికన్నా నల్లగా తిరిగింది. కుర్రాడు మొహం మాడ్చుకుని సామాను సర్దుకున్నాడు. వెళ్తూ "టార్గెట్ ఉంటుంది మేడమ్" అన్నాడు మెల్లగా. అప్పుడు మాత్రం కొంచెం బాధనిపించింది.

ఆ రోజు వీధిలో నా పరువు ఆకాశంలో ఉంది. అక్క జొన్న రొట్టెలు, ఊరుబిండి స్టీలు డబ్బాలో పెట్టి ఇచ్చింది. నేను అందరికీ ఉపన్యాసం ఇచ్చాను. మన కొళాయి నీళ్ల టీడీఎస్ 350 ఉంది, 500 లోపుంటే ఆ పెద్ద ఫిల్టర్లు అక్కర్లేదు, లీటరు మంచినీళ్లకు రెండు మూడు లీటర్లు మోరీలో పోస్తాయి, కరువు సీమలో అది పాపం అని. చెప్పినదాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు. చెప్పనిది ఒకటుంది. టీడీఎస్ మీటరుకు క్రిములు కనబడవు. అది నీళ్లలో కరెంటు ఎంత పారుతుందో చూసి లవణాల అంకె చెబుతుంది, అంతే. మురికి కాలువ నీళ్లు ఒక చెంబెడు కలిసినా ఆ అంకె పెద్దగా కదలదు. ఈ మాట నాకు తెలియక కాదు. తట్టలేదు.

ఆగస్టులో వరసగా నాలుగు రోజులు వాన పడింది. అయిదో రోజు రాత్రి అత్తకు విరేచనాలు మొదలయ్యాయి. తెల్లారేసరికి పన్నెండుసార్లు. కళ్లు లోపలికి పోయాయి, చెయ్యి మీద చర్మం గిల్లితే గిల్లినట్టే నిలబడింది. ఓఆర్ఎస్ చెంచా చెంచా పోస్తూ ఆస్పత్రికి తీసుకెళ్లాం. సెలైన్ ఎక్కిస్తూ డాక్టరమ్మ "ఏ నీళ్లు తాగుతారు?" అని అడిగింది. "కొళాయి నీళ్లే మేడమ్, మా నీళ్లు మంచివి" అన్నాను. ఆమె నావైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది. మూడు రోజులున్నాం అక్కడ. ఆ మూడు రోజుల్లో పదకొండో ఇంటి పిల్లాడు, పన్నెండో ఇంట్లో మొగుడూ పెళ్లాం, పద్నాలుగో ఇంటి ముసలాయన, అందరిదీ ఇదే వరస. పిల్లాడి ఇంట్లో క్యాను నీళ్లే తాగుతారు. కానీ పళ్లు తోముకునేది, కొత్తిమీర కడిగేది కొళాయి నీళ్లతోనే కదా.

నీళ్ల ఆఫీసుకు పోయి అడిగాం. అక్కడ ఆయన రిజిస్టరు తిప్పి, ట్యాంకు దగ్గర రోజూ క్లోరిన్ చూస్తున్నామని అంకెలు చూపించాడు. "మీ సంపులు కడుక్కోండమ్మా ముందు" అన్నాడు. మేం అరిచి వచ్చాం. నేనే ఎక్కువ అరిచాను. రిజిస్టరులో ఇంట్లో కూర్చుని రాసుకున్న అంకెలని కూడా అన్నాను. ఆ మాట ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను.

మా కాలేజీలో చదివిన పిల్ల ఒకతె ఇప్పుడు నీటి పరీక్షల ల్యాబులో పనిచేస్తోంది. ఫోన్ చేస్తే, "మేడమ్, కాఠిన్యం అవన్నీ పక్కన పెట్టండి, హెచ్‌టూఎస్ సీసాలు ఇస్తాను, పెట్టి చూడండి" అని పదహారు ఇచ్చింది. చూపుడువేలంత సీసా. అడుగున మందు పట్టించిన కాగితం ముక్క, పక్కన ఒక గీత. గీత దాకా నీళ్లు పోసి, మూత బిగించి, వెచ్చగా ఉండే చోట ఒకటి రెండు రోజులుంచాలి. నీళ్లు తేనె రంగులోనే ఉంటే ఫరవాలేదు. నల్లబడితే అందులో పేగుల్లో బతికే క్రిములున్నాయని అనుమానించాలి. ఏ క్రిమో చెప్పదది. మలం సోకిన నీళ్లు కావచ్చని మాత్రం హెచ్చరిస్తుంది.

పద్నాలుగు ఇళ్లు, పద్నాలుగు సీసాలు. నీళ్లొదిలిన పొద్దున, కొళాయి మూతి దీపంతో కాల్చి, మొదటి రెండు నిమిషాలు నీళ్లు వదిలేసి, ప్రతి ఇంట్లోనూ పట్టాను. ఇంటి నంబరు మార్కర్‌తో మూత మీద రాశాను. ఫ్రిజ్ మీద వరసగా నిలబెట్టాను. మా ఆయన "ఊదుబత్తీ కూడా పెట్టు" అన్నాడు.

మర్నాడు సాయంత్రం కాలేజీ నుంచి వచ్చి చూస్తే, ఒకటి నుంచి ఎనిమిది దాకా తేనె రంగు. తొమ్మిదో సీసా తారు రంగు. పదకొండు, పన్నెండు, పద్నాలుగు కూడా. పదీ, పదమూడూ ఇంకా బూడిదరంగులో ఉన్నాయి, రాత్రికి అవీ తిరిగిపోయాయి. తొమ్మిది మా ఇల్లు. మూత కొంచెం వదులు చేసి వాసన చూశాను. చూడకూడదు, ఉండబట్టలేదు. ల్యాబులో సాల్ట్ అనాలసిస్ రోజుల్లో కిప్స్ పరికరం దగ్గర వచ్చే కుళ్లిన గుడ్డు వాసన. ఇరవై రెండేళ్లుగా నా చీరలకు పట్టిన వాసనే. కాకపోతే ల్యాబులో ఆ వాయువును మేం ఆమ్లం పోసి పుట్టిస్తాం. ఈ సీసాలో ఏదో బతికి, తిని, పుట్టించింది. అత్త కుండలో నీళ్లు అవే.

తర్వాతి నీళ్ల రోజు క్లోరిన్ చూశాను. పరీక్షనాళికలో నీళ్లు పట్టి ఆర్థోటాలిడిన్ చుక్కలు వేస్తే, క్లోరిన్ ఉంటే పసుపు రంగు వస్తుంది. కొళాయి చివర కూడా లీటరుకు 0.2 మిల్లీగ్రాములు మిగలాలని నియమం. ఆ మిగిలేదే కాపలా. దారిలో మురికి కలిస్తే ఆ మురికితో పోరాడి క్లోరిన్ ఖర్చైపోతుంది. పొద్దున అయిదున్నరకు టెస్ట్‌ట్యూబుల స్టాండు పట్టుకుని వీధి మొదటి నుంచి నడిచాను. మొదటి ఇంట్లో నిమ్మపండు రంగు. అయిదో ఇంట్లో కొంచెం లేత. ఎనిమిదో ఇంట్లో ఇంకా లేత, కానీ ఉంది. మా ఇంట్లో నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి. చుక్క మీద చుక్క వేశాను. తెల్లగానే ఉన్నాయి.

అంటే ట్యాంకు నీళ్లు మంచివే. రిజిస్టరు అంకెలు నిజమే. ఎనిమిదో ఇంటికీ తొమ్మిదో ఇంటికీ మధ్య ఎక్కడో పైపు మురికి తాగుతోంది.

ఇక్కడే నేను తప్పు చేశాను. ఆ మధ్యలో ఏముంది? అక్కవాళ్ల సెప్టిక్ ట్యాంకు ఉంది. పాతది, ప్రహరీ పక్కనే. నేను ఆలోచించలేదు, వీధిలో నిలబడి అందరి ముందూ అన్నాను. "అక్కా, మీ ట్యాంకు కారుతున్నట్టుంది, ఆరిళ్ల ప్రాణాల మీదికి తెచ్చినారు." అక్క నిలబడి వింది. "పోయిన సంవత్సరమే కదమ్మా కొత్తగా ప్లాస్టరింగ్ చేయించింది" అంది. "ప్లాస్టరింగ్ చేయిస్తే సరిపోతుందా" అన్నాను. అవతల పన్నెండో ఇంటాయన గొంతు కలిపాడు. ఆమె లోపలికి పోయి తలుపేసుకుంది. ఉప్పు తెచ్చిచ్చిన వంటిల్లు అది. రొట్టెల డబ్బా ఇంకా నా దగ్గరే ఉంది.

మనుషులొచ్చి తవ్వింది వారం తర్వాత. ఫిట్టరు ఇరవై అయిదేళ్ల కుర్రాడు. గడ్డపారతో కాలువ మీది కడప బండలు రెండు లేపాడు. సెప్టిక్ ట్యాంకు గోడ పొడిగా, గట్టిగా ఉంది. చేత్తో తట్టి "ఇది బాగుందమ్మా" అన్నాడు. ఇంకో బండ లేపాడు. కాలువ అడుగున నల్లటి బురదలో ఒక అరంగుళం జీఐ ఇనుప పైపు అడ్డంగా పడుకుని ఉంది. తుప్పు పొరలు పొరలుగా లేచి, గోరుతో గీరితే రాలిపోతోంది. దాని చివర చెక్క బిరడా. కొట్టినప్పుడు గట్టిగానే ఉండి ఉంటుంది, ఇప్పుడు పచ్చి బెల్లంలా మెత్తబడింది. కుర్రాడు రెండు వేళ్లతో పట్టుకుంటే ఊడి చేతికొచ్చింది. వెనక గుక్కెడు నల్ల నీళ్లు.

"ఇది యా ఇంటిది?" అన్నాడు. ఎవరూ మాట్లాడలేదు. పైపు ఎటు పోతుందో చూపుతో పట్టుకుని, మా గేటు పక్క గోడ దాకా వచ్చి, "మీదే మేడమ్" అన్నాడు.

నాదే. 2009లో మేడ మీద గదులు వేసినప్పుడు కొత్త పీవీసీ కనెక్షన్ తీసుకున్నాం. మామగారి కాలపు పాత కనెక్షన్ మెయిన్ పైపు దగ్గర తీసేసి అక్కడ డమ్మీ, అంటే మూత, కొట్టాలి. దానికి రోడ్డు తవ్వాలి, మనిషికి ఇంకో ఎనిమిది వందలు. మా ఆయన ఊళ్లో లేడు. ప్లంబరు "ఎందుకు మేడమ్ ఖర్చు, చెక్క బిరడా కొట్టి కాలువలో పడేస్తా, వందేళ్లు కదలదు" అన్నాడు. "సరే కానీ" అన్నది నేను. పాత పైపు మెయిన్‌కు తగిలేది అక్క ఇల్లు దాటాక, కొత్తదానికి రెండు గజాల ముందు. ఎనిమిదికీ తొమ్మిదికీ మధ్య. లెక్క సరిగ్గా సరిపోయింది.

నీళ్లొచ్చే గంటసేపు పైపులో ఒత్తిడి ఉంటుంది కాబట్టి ఆ చిల్లిలోంచి నీళ్లు బయటికి కారతాయి తప్ప లోపలికి ఏమీ రాదు. వదలడం ఆపగానే పైపు ఖాళీ అవుతుంది, అప్పుడు కాలువ దాంట్లోకి దిగుతుంది. మళ్లీ నీళ్లొచ్చేదాకా దాదాపు రెండు రోజులూ అదే పని. దీనికి తోడు మోటార్లు. చివరి ఇళ్లకు నీళ్లు సన్నగా వస్తాయని తొమ్మిది నుంచి పద్నాలుగు దాకా అందరం కొళాయికి నేరుగా మోటారు బిగించుకున్నాం. ఆరు మోటార్లు ఒకేసారి పీలుస్తుంటే, నీళ్లు నడుస్తున్నప్పుడు కూడా ఒత్తిడి పడిపోయి పైపు చిల్లి దగ్గర కాలువను జుర్రుకుంటుంది. మందంగా ఉన్న మిల్క్‌షేక్ స్ట్రాకు పక్కన చిల్లిపడితే గాలి ఎట్లా వస్తుందో అట్లా. వీధిలో మొట్టమొదటి మోటారు ఎవరిదని అడక్కండి.

అక్క ఇంట్లో మోటారు లేదు. గేటు పక్కన మోకాలి లోతు గుంత తవ్వించుకుని, అందులో కొళాయి పెట్టించుకుని, ఇప్పటికీ బిందెలతో పట్టుకుంటుంది.

కుర్రాడు మెయిన్ దగ్గర పాత కనెక్షన్ తీసి డమ్మీ కొట్టాడు. ఈసారి రెండు వేలైంది. పైపు కడగడానికి రెండు విడతల నీళ్లు కాలువలోకి వదిలేశారు. సంపు అడుగంటా గీకి కడిగి, పాతూరులో బ్లీచింగ్ పౌడరు కొత్త ప్యాకెట్టు తెచ్చాను. తెరిచి పెట్టిన పాత ప్యాకెట్టులో వాసనే ఉంటుంది, పస ఉండదు. వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాములు. మా ల్యాబు తక్కెడ మీద తూచి చిన్న చిన్న పొట్లాలు కట్టి ఆరిళ్లకూ పంచాను. బకెట్లో కలిపి, సున్నం అడుక్కి దిగాక, పైన తేరిన నీళ్లే సంపులో పోసి గంట ఆగమని చెప్పాను. పంచేటప్పుడు ఎవరూ నన్నేమీ అనలేదు. అనకపోవడమే ఇబ్బందిగా ఉండింది. పదకొండో ఇంటి పిల్లాడి తల్లి పొట్లం తీసుకుని "మా వాడు ఇప్పుడు బాగుండాడులే మేడమ్" అని నన్నే ఓదార్చింది.

నా మోటారు కొళాయి నుంచి తీసేశాను. ఇప్పుడు కొళాయి నీళ్లు వాటంతట అవి సంపులోకి దిగుతాయి, మోటారు సంపు నుంచి మేడమీది ట్యాంకుకు తోడుతుంది. పదీ పన్నెండూ కూడా అట్లాగే మార్చుకున్నారు. మిగతా మూడిళ్ల మోటార్లు పొద్దున అయిదున్నరకు ఇంకా మోగుతూనే ఉన్నాయి. చెప్పే మొహం నాకు లేదు.

మిగిలిన రెండు సీసాల్లో ఒకటి మళ్లీ మా కొళాయికి పెట్టాను. రెండు రోజులూ తేనె రంగే. అత్తకు చూపించాను. ఆమె సీసాను వెలుతురుకు ఎత్తి చూసి, "ఇంతకీ నువ్వు నన్నెందుకు తాగనిస్తివి మ్మా?" అని అడిగింది. కోపంగా కాదు. తెలుసుకుందామని. కుండ మళ్లీ పెట్టుకుంది. కాచి చల్లార్చిన నీళ్లు పోస్తున్నాను. రుచి మారిందని సణుగుతూనే తాగుతోంది.

అక్క దగ్గరికి డబ్బా తీసుకుని వెళ్లాను. ఖాళీ డబ్బా ఇవ్వకూడదని పావుకిలో మైసూర్‌పాక్ పెట్టాను. "తప్పైపోయింది అక్కా" అన్నాను. ఆమె డబ్బా తీసుకుని మూత తెరవకుండానే అరుగు మీద పెట్టింది. "మా ఇంటి సీసా నల్లబడలేదు కదా?" అంది. "లేదక్కా." "అది నువ్వే పెడితివి, నువ్వే సూస్తివి. మా ట్యాంకు కాడినుంచే వస్తే ముందు మా నీళ్లు చెడల్ల కదా. మరి నన్నేంటికి అంటివి?"

నా దగ్గర జవాబు లేదు. ఇరవై రెండేళ్లుగా పిల్లల రికార్డుల్లో 'పరిశీలన ఒకటి, నిర్ధారణ ఒకటి' అని ఎర్రసిరాతో సున్నాలు చుట్టిన చెయ్యి ఇది.

ఆమె ఇంకా నాతో మాట్లాడటం లేదు. కానీ నీళ్లొచ్చే ప్రతి పొద్దునా మా రెండిళ్ల మధ్య పిట్టగోడ మీద ఒక స్టీలు గ్లాసు ఉంటుంది, సగానికి కొళాయి నీళ్లు పట్టి. నేను టెస్ట్‌ట్యూబులోకి కొంచెం వంచుకుని చుక్కలు వేసి, పసుపు రంగు తిరిగాక ఆమె వంటింటి కిటికీ వైపు ఎత్తి చూపిస్తాను. కిటికీలోంచి తల ఒకసారి ఊగుతుంది. తర్వాత గ్లాసు మాయమవుతుంది.